14 అడుగుల అల్యూమినియం బోటు: ప్లైవుడ్ ఫ్లోర్ తీసేసి అల్యూమినియం షీట్ వేయాలంటే?

చెరువుగట్టు (డాలస్):
రివెట్ల బోటు, మంచినీళ్లలోనే తిరుగుతుంది. పాత ఓనరు వేసిన అర అంగుళం ట్రీటెడ్ (కుళ్లకుండా మందు పట్టించిన) ప్లైవుడ్ వెనకవైపు మెత్తబడి, కాలు పెడితే కుంగుతోంది. ఎత్తి చూస్తే రిబ్బుల (ఫ్లోర్‌ని మోసే అడ్డపట్టీల) మీద తెల్లటి పొడి. రిబ్బుకీ రిబ్బుకీ మధ్య 16 అంగుళాలు. షీట్ ఎంత మందం కావాలి? స్క్రూలా, రివెట్లా? కింద ఫోమ్ తీసేయొచ్చా?

తెడ్డు:
షీట్ తర్వాత, ముందు ఆ తెల్లపొడి సంగతి చూడండి. ట్రీటెడ్ చెక్కలో రాగి ఉంటుంది, తడిసినప్పుడల్లా అది అల్యూమినియాన్ని తినేస్తుంది. స్టెయిన్‌లెస్ బ్రష్‌తో పొడి గీకేసి టార్చి వాలుగా వేయండి, సూదిమొనంత గుంటలుంటే కనబడతాయి. తర్వాత బోటు ట్రెయిలర్ మీదుండగానే లోపల రెండంగుళాల నీళ్లు పోసి, కింద కారే ప్రతి రివెట్‌కీ మార్కరుతో గుర్తు పెట్టండి. వదులైనవాటిని మళ్లీ బిగించాలన్నా, మార్చాలన్నా ఇప్పుడే. ఫ్లోర్ మూసేశాక చెయ్యి దూరదు.

షీట్ 5052-హెచ్32 అనే అల్యూమినియం గ్రేడు, 1/8 అంగుళం తీసుకోండి. 16 అంగుళాల ఎడానికి అంతకన్నా పల్చనిది వేస్తే అడుగుకో డబ్బా మోత. 6061 గ్రేడు గట్టిదే గానీ అంచు మడిస్తే చిట్లుతుంది. 4×8 షీట్ 25 కిలోలుంటుంది, అంటే పొడి ప్లైవుడ్ కన్నా తేలికేమీ కాదు. లాభమల్లా నీళ్లు తాగదు, కుళ్లదు.

రివెట్టు:
బిగించడానికి 3/16 అంగుళం క్లోజ్డ్ ఎండ్ (చివర మూసి ఉండే) పాప్ రివెట్లు, ఆరేసి అంగుళాలకొకటి. లోపలి మేకు కూడా అల్యూమినియందే కావాలి, స్టీల్‌దైతే లోపలే తుప్పు పడుతుంది. డ్రిల్ బిట్‌కి స్టాపర్ కాలర్ తప్పనిసరి: రిబ్బు పైరేకు దాటి జారితే కింద ఉన్నది బోటు అడుగే. చుట్టూ 3 మి.మీ. సందు వదలండి. 40 సెల్సియస్ డిగ్రీల తేడాకి 8 అడుగుల షీట్ 2 మి.మీ. పైగా సాగుతుంది, సందు లేకపోతే మధ్యలో ఉబ్బుతుంది. బిల్జ్ పంపు (బోటు అడుగున చేరే నీళ్లు తోడేది), వైర్ల మీది ముక్కని మాత్రం రివెట్ చేయొద్దు. స్టెయిన్‌లెస్ స్క్రూలకి టెఫ్‌జెల్ (అల్యూమినియంలో పట్టేయకుండా ఆపే జెల్) పూసి పెట్టండి, ఎప్పుడైనా ఊడొస్తాయి.

చెరువుగట్టు:
చాలా థాంక్సండీ. పైన కార్పెట్ వేయొచ్చా? ఫోమ్ ఒక మూల బరువుగా ఉంది.

తెడ్డు:
కార్పెట్ తడిని పట్టి ఉంచుతుంది, వద్దు. ఉత్త షీట్ టెక్సస్ ఎండలో అరికాళ్లు కాలుస్తుంది. ఎచ్ ప్రైమర్ (పెయింట్ అల్యూమినియానికి పట్టేలా చేసే మొదటి పూత) కొట్టి, లేత రంగు నాన్‌స్కిడ్ పెయింట్ వేయండి. ఫోమ్ తీసేసి ఖాళీగా వదలొద్దండీ, బోటు నీళ్లతో నిండినా మునగకుండా ఆపేది అదే. ఒక ముక్క కోసి పిండండి, నీళ్లు కారితే అంతమేరా తీసి అంతే ఘనపరిమాణం క్లోజ్డ్ సెల్ (నీళ్లు పీల్చని) ఫోమ్ పెట్టండి. ఘనపుటడుగుకి దాదాపు 27 కిలోలు తేలుస్తుంది. పాలీస్టైరీన్ బోర్డు పెట్రోలు తగిలితే కరిగిపోతుంది, ట్యాంకు దగ్గర పెట్టొద్దు. మధ్యలో డ్రెయిన్ ప్లగ్ దాకా నీళ్లు పారే కాలవ వదలండి.

రివెట్టు:
సీటు స్తంభం ఉంటే దాని కింద పావు అంగుళం ప్లేటు రెండు రిబ్బుల మీద ఆనేలా వేసి బోల్టులు బిగించండి. ఒట్టి 1/8 షీట్‌కి బిగిస్తే మనిషి వెనక్కి వాలిన ప్రతిసారీ బేస్ చుట్టూ షీట్ వంగి, చివరికి బోల్టు రంధ్రాల దగ్గర చీలుతుంది.