సమస్యాపూరణం: కప్ప దూక కొలను కవిత యయ్యె

ఛందస్సు ఆటవెలది. ఇచ్చింది నాలుగో పాదం. యతి క–క.

నిర్వాహకుడు: ఈ సమస్యకు మూలం జపాన్ కవి బషో రాసిన 1686 నాటి హైకు, అంటే మూడు ముక్కల చిన్న పద్యం. "ఫురుఇకె యా / కవజు తొబికొము / మిజు నొ ఒతొ." పాత కొలను, కప్ప దూకడం, నీటి చప్పుడు, అంతే. ఆ మూడు ముక్కల కొలత 5-7-5. అది అక్షరాల లెక్క కాదు, మన మాత్రకు దగ్గరిది. టోక్యో అన్న మాట అక్కడ నాలుగు, నిప్పోన్ (జపాన్) కూడా నాలుగే. మన గురులఘువులతో చూసినా అంతే వస్తుంది. హైకు మొత్తం 17. ఆటవెలది మొదటి పాదమే 17 నుంచి 19 మాత్రలు. అంటే బషో చెప్పిందంతా ఒక్క పాదంలో పట్టేస్తుంది. మిగిలిన చోట ఏం పెడతారన్నదే పరీక్ష.

పూరణ 1
వాన కురిసి చెఱువు వఱదలై పొంగగా
గట్టు మీద నిలిచి కవి వినంగ
చినుకు సద్దు లోనఁ జెవిసోకె నాదమ్ము
కప్ప దూక కొలను కవిత యయ్యె

వ్యాఖ్య: గణాలు, యతులు సరిగ్గా ఉన్నాయి. చిక్కు వినికిడిలో ఉంది. పొంగే చెరువులో, చినుకుల మోతలో కప్ప దూకిన చప్పుడు ఎవరికి వినపడుతుంది? మనకు కప్ప అంటే వానాకాలం. జపాన్‌లో మాత్రం అది వసంతానికి గుర్తు. పైగా కవిని గట్టు మీద నిలబెట్టారు. బషో పద్యంలో వినేవాడు కనపడడు.

పూరణ 2
పాత నీటిమీదఁ బలుచని వెన్నెల
యెంత హాయి మదికి నెంత శాంతి
నిదురపోవు జగతి నిట్టూర్పు విడువగా
కప్ప దూక కొలను కవిత యయ్యె

వ్యాఖ్య: మొదటి పాదం చెవికి ఎంతో ఇంపుగా ఉంది. కానీ జపనీస్ కవితలో చంద్రుడంటే శరత్తు, కప్ప అంటే వసంతం. రెండు ఋతుపదాలు ఒకదాన్నొకటి కొట్టేస్తాయి. రెండో పాదం పూర్తిగా తీసేయండి. హాయి, శాంతి అని మీరే చెప్పేస్తే చదివేవాడికి ఇక పనేముంది? పాత వాకా (జపాన్ సంప్రదాయ పద్యం) కవులు కప్ప కూతను యమబుకి అనే పసుపు పూలతో జతచేసేవారు. బషో శిష్యుడు కికాకు ఈ పద్యానికీ "యమబుకి యా" అన్న ఎత్తుగడే సూచించాడనీ, బషో "ఫురుఇకె యా" దగ్గరే ఆగాడనీ మరో శిష్యుడు షికో రాశాడు. కూత పోయింది, పూలు పోయాయి, నీటి చప్పుడు మిగిలింది.

పూరణ 3
గట్టు నాచు పట్టెఁ, గలఁగదు లోనీరు
పొద్దు వాలె, నొక్క బుడగ లేదు
చప్పు డొకటి, పిదప సవ్వడియే లేదు
కప్ప దూక కొలను కవిత యయ్యె

వ్యాఖ్య: భేష్! బషో హైకులోని "యా" అనేది విరుపు పదం, అక్కడ పద్యం ఆగుతుంది. అలాంటిది మనకు లేదు గనుక మొదటి పాదాన్ని క్రియ దగ్గర ఆపి, సరిగ్గా యతిస్థానం ముందు విరిచారు. చప్పుడు ముందు, కప్ప తర్వాత. చెవి పట్టుకున్నాకే కన్ను వెతుకుతుంది. ఒక్క సవరణ: "లేదు" రెండుసార్లు పడింది. మూడో పాదం "చప్పు డొకటి; పిదప సాగెను వలయాలు" అంటే యతి చెడదు (చ–సా), నిశ్శబ్దాన్ని పేరుపెట్టి పిలవనక్కర్లేదు.

నిర్వాహకుడు: ఈ సవరణతో మూడోదే నా ఎంపిక. "కవిత యయ్యె" అన్న మాట హైకూకు సరిపడదు, తేల్చి చెప్పేస్తుంది. ఆ లోపం సమస్యది, పూరించినవారిది కాదు.

పూరణ 1 కవి: నా మొదటి పాదం మారుస్తున్నాను: "వాన వెలిసి చెఱువు వణఁకక నిలువఁగా." రెండూ మూడూ మళ్లీ రాస్తాను.

వ్యాఖ్య: ఇప్పుడు చప్పుడు వినపడుతుంది. వసంతపు జల్లు వెలిసిందనుకుంటే ఋతువూ కుదిరింది. కవిని మాత్రం గట్టు దించండి.