ఊరగాయల వ్యాపారంతో షార్క్ ట్యాంక్ ఇండియాకు వెళ్లాలంటే ఎంత అడగాలి, ఏం సిద్ధం చేసుకోవాలి?

జాడీ_పచ్చళ్లు:

నమస్కారం అండీ. మాది కోనసీమలో ఊరగాయల యూనిట్. ఆవకాయ, మాగాయ, గోంగూర, ఉసిరికాయ, పండుమిర్చి చేస్తాం. పోయిన ఆర్థిక సంవత్సరం అమ్మకాలు 72 లక్షలు, ఖర్చులన్నీ పోగా 9 లక్షలు మిగిలింది. 60 శాతం సొంత వెబ్‌సైట్‌లో అమ్ముడవుతుంది, మిగతాది రాజమండ్రి, విజయవాడ, హైదరాబాదు షాపులకు వెళ్తుంది. ప్రొప్రయిటరీ సంస్థ, నా పేరు మీదే ఉంది. జీఎస్టీ, ఆహార భద్రతకు సంబంధించిన ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు ఉన్నాయి.

వ్యాపారులు వాటా ఇచ్చి పెట్టుబడి అడిగే ఈ టీవీ షోకు వచ్చే సీజన్‌లో దరఖాస్తు పెట్టాలనుకుంటున్నాం. 10 శాతం వాటాకు 50 లక్షలు అడుగుదామని ఆలోచన. అందులో 30 లక్షలు వేసవిలో కాయ, నూనె, కారం కొనడానికి, 20 లక్షలు మెషీన్లకూ ప్రకటనలకూ. ఈ విలువ నిలబడుతుందా? ప్రొప్రయిటరీగానే వెళ్లొచ్చా? లోపల ఏమేం అడుగుతారు? హిందీ అంతంతమాత్రం. షోవాళ్లు కూడా వాటా తీసుకుంటారా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరు.

లెక్కల_పుస్తకం:

జాడీ గారూ, ముందు విలువ సంగతి చూద్దాం. 10 శాతానికి 50 లక్షలంటే డబ్బు చేతికొచ్చాక కంపెనీ విలువ 5 కోట్లు, రాకముందు 4.5 కోట్లు. మీ అమ్మకాలకు ఇది ఆరు రెట్ల పైన, లాభానికి 50 రెట్లు. ఏటేటా రెండింతలవుతున్న బ్రాండుకైతే ఒప్పుకుంటారేమో గానీ, మీ పెరుగుదల ఎంతో మీరు రాయలేదు. మొదట అడిగేది అదే. గత మూడేళ్ల అమ్మకాలు, ఈ ఏడాది నెలవారీ అమ్మకాలు నోటి మీద ఉండాలి.

ఆ 9 లక్షల లాభం కూడా నిలబడదు. ప్రొప్రయిటరీ సంస్థలో యజమానికి జీతం లెక్కకు రాదు కదా. నెలకు 40 వేలు జీతం వేసుకుంటే ఏడాదికి 4.8 లక్షలు పోయి మిగిలేది 4.2 లక్షలే. ఇంట్లో ఇంకొకరు పూర్తి సమయం పనిచేస్తుంటే అది ఇంకా తగ్గుతుంది. యూనిట్ సొంత ఇంట్లో ఉంటే అద్దె కూడా వేయాలి. ఇవన్నీ తీసేశాక మిగిలిన అంకెనే లాభంగా చెప్పండి. లేకపోతే "మీ జీతం ఎంత?" అన్న ఒక్క ప్రశ్నకే అక్కడ లెక్క తలకిందులవుతుంది.

తర్వాత సీసా లెక్క. నమూనాగా చెబుతున్నాను, మీ అంకెలు పెట్టి చూసుకోండి. 300 గ్రాముల ఆవకాయ ఎమ్మార్పీ 210 అనుకుందాం. ఊరగాయల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం కాస్తా 5 శాతమైంది కాబట్టి పన్ను పోను 200. సరుకు, సీసా, మూత, లేబుల్, కూలీ కలిపి 82 అయితే 118 మిగులుతుంది. ఇక్కడే ఆగి "మా మార్జిన్ 59 శాతం" అని చాలామంది చెబుతారు. అసలు కథ ఆ తర్వాతే. వెబ్‌సైట్‌లో ఒక్క సీసా ఆర్డరుకు కొరియర్ 60, పెట్టె 12, పేమెంట్ గేట్‌వే 4 పోతే 42 ఉంటుంది. ఆ ఆర్డరు తెచ్చుకోవడానికి ఫేస్‌బుక్, ఇన్‌స్టాలో 150 ఖర్చయితే 108 రూపాయలు నష్టం! అదే మూడు సీసాల ఆర్డరయితే 600లో సరుకు 246, కొరియర్ 95, పెట్టె 18, గేట్‌వే 13, ప్రకటన 150 పోగా 78 మిగులుతుంది. పాత కస్టమరే ప్రకటన లేకుండా మళ్లీ ఆ మూడు సీసాలు కొంటే 228. అందుకే మళ్లీ కొనేవాళ్ల శాతం మీ వ్యాపారానికి ప్రాణం. మూడు నెలల్లో ఎంతమంది, ఆరు నెలల్లో ఎంతమంది తిరిగొచ్చారో వెబ్‌సైట్ డేటాలోంచి తీసి పెట్టుకోండి.

షాపు దారి వేరు. అదే 210కి షాపువాడికి కొన్న ధర మీద 20 శాతం, డిస్ట్రిబ్యూటర్‌కు 8 శాతం ఇస్తే, పన్ను పోను మీ చేతికొచ్చేది 154 చిల్లర. సరుకు 82 తీస్తే 72. ప్రకటన ఖర్చు లేదు, కానీ డబ్బు 30 నుంచి 45 రోజులకు వస్తుంది. ఏ దారిలో ఎంత మిగులుతుందో విడివిడిగా చెప్పగలిగితే సగం ప్రశ్నలు అక్కడే తీరిపోతాయి.

ఇక నా గట్టి అభిప్రాయం: కాయ కొనడానికి వాటా అమ్మకండి. మేలో పెట్టిన ఆ 30 లక్షలు ఏడాదిలోగా సీసాల రూపంలో తిరిగొచ్చేస్తాయి. వాటా మాత్రం తిరిగి రాదు. దానికి బ్యాంకులో క్యాష్ క్రెడిట్ (కావలసినప్పుడు వాడుకుని తీర్చే అప్పు) అడగండి. చిన్న సంస్థలకు వచ్చే ఏడాది అంచనా అమ్మకాల్లో 20 శాతం వర్కింగ్ క్యాపిటల్‌గా ఇచ్చే పద్ధతి ఉంది. 1.2 కోట్ల అంచనాకు 24 లక్షలు. తాకట్టు లేకుండా, చిన్న సంస్థల అప్పులకు హామీ ఇచ్చే సీజీటీఎంఎస్ఈ గ్యారంటీ కింద కూడా అడగొచ్చు. మెషీన్లకు చిన్న ఆహార తయారీ యూనిట్ల కోసం కేంద్రం పెట్టిన పీఎంఎఫ్ఎంఈ పథకంలో 35 శాతం సబ్సిడీ, గరిష్ఠంగా 10 లక్షలు ఉండేది. ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో జిల్లా పరిశ్రమల కేంద్రంలో కనుక్కోండి. షోలో అడిగేది బ్రాండు పెంచుకోవడానికీ కొత్త ఊళ్లకు వెళ్లడానికీ మాత్రమే అయితే 20, 25 లక్షలు చాలు. అప్పుడు విలువ 2.5 కోట్లని చెప్పినా 8 నుంచి 10 శాతం వాటాతోనే బయటపడతారు.

బెజవాడ_సీఎస్:

చూడమ్మా, దరఖాస్తు మాట ఎలా ఉన్నా, ప్రొప్రయిటరీ సంస్థలో వాటా ఇవ్వడం కుదరదు. షేర్లు జారీ చేయాలంటే ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ ఉండాలి. కనీసం ఇద్దరు డైరెక్టర్లు, ఇద్దరు వాటాదారులు కావాలి, ఆ ఇద్దరే డైరెక్టర్లూ వాటాదారులూ కావచ్చు. స్పైస్ ప్లస్ అనే ఆన్‌లైన్ ఫారంతో రిజిస్ట్రేషన్ అవుతుంది.

కంపెనీ పెట్టడం తేలికే, పాత వ్యాపారాన్ని అందులోకి మార్చడంలోనే తప్పులు జరుగుతాయి. కంపెనీకి కొత్త పాన్, కొత్త జీఎస్టీ, కొత్త బ్యాంకు ఖాతా వస్తాయి. ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు కూడా కంపెనీ పేరు మీద ఉండాలి. నంబరు మారితే పాత నంబరుతో అచ్చేయించిన లేబుళ్లు పనికిరావు. ఒకేసారి 50 వేల లేబుళ్లు కొట్టించి ఉంటే ముందు అవి అయిపోనివ్వండి. ట్రేడ్‌మార్కు మీ సొంత పేరు మీద ఉంటే రాతపూర్వకంగా కంపెనీకి బదిలీ చేయాలి. ట్రేడ్‌మార్కు వర్గాల్లో ఊరగాయలు 29వ క్లాసు, పొడులూ మసాలాలూ 30వ క్లాసు. కందిపొడి, కరివేపాకు కారం కూడా అమ్ముతుంటే రెండిట్లోనూ ఉండాలి. వెబ్‌సైట్ డొమైన్, ఇన్‌స్టా పేజీ ఎవరి పేరు మీద ఉన్నాయో కూడా చూసుకోండి. పెట్టుబడిదారుడి లాయరు ఇవన్నీ అడుగుతాడు.

బదిలీ మీద క్యాపిటల్ గెయిన్స్ పన్ను (ఆస్తి చేతులు మారినప్పటి లాభం మీద పన్ను) పడకూడదంటే వ్యాపారం ఆస్తులూ అప్పులూ అన్నీ కంపెనీకి వెళ్లాలి, బదులుగా మీకు షేర్లు తప్ప ఇంకేమీ రాకూడదు, ఐదేళ్లపాటు కనీసం 50 శాతం ఓటు హక్కు మీ చేతిలో ఉండాలి. వాటా అమ్మేటప్పుడు ఆ చివరి షరతు గుర్తుంచుకోండి.

షేర్ల లెక్కలో తరచూ జరిగే పొరపాటు: 10,000 షేర్లున్న కంపెనీలో 10 శాతం ఇవ్వాలంటే కొత్తగా 1,000 షేర్లు చాలనుకుంటారు. అలా ఇస్తే 11,000లో 1,000, అంటే 9.09 శాతమే. 1,111 ఇవ్వాలి. మీ సొంత షేర్లు అమ్మితే డబ్బు మీకు వస్తుంది, కంపెనీకి రాదు. కంపెనీకి రావాలంటే కొత్త షేర్లే జారీ చేయాలి.

షోవాళ్ల వాటా గురించి. అమెరికా షార్క్ ట్యాంక్‌లో మొదట్లో పాల్గొన్నందుకే 5 శాతం వాటాగానీ లాభాల్లో 2 శాతంగానీ నిర్మాణ సంస్థకు ఇవ్వాలన్న షరతు ఉండేది. అక్కడి షార్కుల్లో, అంటే షోలోని పెట్టుబడిదారుల్లో, ఒకరైన మార్క్ క్యూబన్ పట్టుబట్టడంతో 2013లో తీసేశారు. ఇక్కడ మీ చేతికొచ్చే ఒప్పందంలో ఏముందో సంతకానికి ముందే లాయరుకు చూపించండి. ముఖ్యంగా ప్రసారానికి ముందు ఏం బయటపెట్టకూడదు, ఫుటేజీ మీద హక్కులెవరివి అన్న భాగాలు.

ముందు_వరుస:

లోపల జరిగేది టీవీలో కనబడినంత చిన్నది కాదండీ. గంట దాకా సాగే మాటల్ని పది, పదిహేను నిమిషాలకు కుదిస్తారు. కాబట్టి ఒకే ప్రశ్న నలుగురు నాలుగు రకాలుగా అడుగుతారు. మొదట చెప్పిన అంకె, అరగంట తర్వాత చెప్పిన అంకె ఒకటే అయి ఉండాలి. అమ్మకాలంటే పన్నుతో కలిపా, విడిగానా? రిటర్నులు తీసేశారా? ఏదో ఒకటి నిర్ణయించుకుని చివరిదాకా అదే చెప్పండి.

భాష గురించి బెంగపడకండి. హిందీ, ఇంగ్లీషు కలిపి మాట్లాడేవాళ్లే ఎక్కువ. అంకెలు మాత్రం ఇంగ్లీషులో చెప్పండి. హిందీలో 69, 79, 89 తడబడతాయి, అక్కడ ఒక్క అంకె తప్పితే నమ్మకం పోతుంది. ఇద్దరు వెళ్తే డబ్బు లెక్కలు ఎవరు చెప్పాలో, తయారీ ఎవరు చెప్పాలో ముందే పంచుకోండి.

మొదటి నిమిషంన్నరలో పేరు, ఊరు, ఏం అమ్ముతున్నారు, ఎవరికి, ఎంత అమ్మారు, ఎంత అడుగుతున్నారు, అంతే. రుచి చూపించేటప్పుడు వేడన్నం హాట్‌ప్యాక్‌లో ఉంచి, నెయ్యితో చిన్న గిన్నెల్లో పెట్టండి. అన్నం చల్లారితే ఆవకాయ రుచి తెలియదు, ఉప్పే తగులుతుంది. ఆవకాయతో పాటు కారం తక్కువున్నది ఒకటి, మాగాయ అయినా ఉసిరికాయ అయినా, పెట్టండి. ప్రత్యేకంగా చేసిన బ్యాచ్ వద్దు, షాపులో దొరికే సీసానే తెరవండి.

బేరం విషయం. హైదరాబాదు కంపెనీ స్కిప్పీ ఐస్ పాప్స్ తొలి సీజన్‌లో 5 శాతానికి 45 లక్షలు అడిగి, చివరికి ఐదుగురు షార్కులతో కలిపి 15 శాతానికి కోటి రూపాయలకు ఒప్పుకుంది. 9 కోట్లన్న విలువ 6.67 కోట్లకు దిగింది. మీరు కూడా ఎంతవరకు దిగుతారో ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. వాటాతో పాటు అప్పు ఇస్తామంటే వెంటనే సరే అనకండి. 30 లక్షలు 12 శాతం వడ్డీకి మూడేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 99,600 కిస్తీ. మీ 9 లక్షల లాభం నెలకు 75 వేలే! రాయల్టీ ఇంకా జాగ్రత్త. అది లాభం మీద కాదు, అమ్మకాల మీద వాళ్లకిచ్చే శాతం. 3 శాతమంటే 72 లక్షల మీద 2.16 లక్షలు, మీ లాభంలో దాదాపు నాలుగో వంతు. ఒప్పుకోవలసి వస్తే ఎంత మొత్తం తీరేదాకా అన్న హద్దు పెట్టించండి.

జాడీ_పచ్చళ్లు:

అందరికీ కృతజ్ఞతలండీ. జీతం లెక్క మేము అసలు వేయలేదు. ఇంకో రెండు సందేహాలు. షోలో సరే అన్నాక డబ్బు ఖాయమేనా? జనవరిలో ప్రసారమైతే మామిడికాయ ఉండదు కదా, ఆర్డర్లు ఒక్కసారిగా వస్తే ఏం చేయాలి?

బెజవాడ_సీఎస్:

ఖాయం కాదమ్మా. అక్కడ జరిగేది మాట వరకే. తర్వాత ఆడిటైన లెక్కలు, జీఎస్టీ రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు పక్కపక్కన పెట్టి చూస్తారు. షోలో చెప్పిన 72 లక్షలు జీఎస్టీ రిటర్నుల్లో 61 లక్షలుగా కనబడితే ఒప్పందం అక్కడే ఆగుతుంది. అన్నీ కుదిరితే టర్మ్ షీటు (ముఖ్య షరతుల కాగితం), వాటాదారుల ఒప్పందం, షేరు విలువ కట్టే రిజిస్టర్డ్ వాల్యుయర్ నివేదిక, వాటాదారుల ప్రత్యేక తీర్మానం, ప్రత్యేక బ్యాంకు ఖాతాలో డబ్బు. అది వచ్చిన 60 రోజుల్లో షేర్లు కేటాయించాలి, కేటాయించిన 15 రోజుల్లో పాస్-3 అనే కేటాయింపు రిటర్ను దాఖలు చేయాలి. ఆ రిటర్ను దాఖలయ్యేదాకా ఆ డబ్బు వాడకూడదు. షేరు విలువకు మించి వచ్చిన పెట్టుబడి మీద వేసే ఏంజెల్ ట్యాక్స్‌ను 2024 బడ్జెట్‌లో ఎత్తేశారు కాబట్టి ఆ బాధ లేదు. ఈ డబ్బు నమ్ముకుని కాయకు అడ్వాన్సులు మాత్రం ఇవ్వకండి.

పార్సెల్_డబ్బా:

సరుకు సంగతి నేను చెబుతాను. గత సీజన్లు డిసెంబరు చివర్లోగానీ జనవరిలోగానీ మొదలయ్యాయి. అప్పటికి మీ ఆవకాయ నిల్వ సగానికి పైగా అయిపోయి ఉంటుంది, కొత్త కాయ రావడానికి మూడు నెలలు పడుతుంది. అందుకని వేసవిలోనే కొంత ఆవకాయ ప్రసారం కోసం విడిగా ఉంచాలి. జనవరిలో ఉసిరికాయ, టమాటా, పండుమిర్చి తాజాగా దొరుకుతాయి. వెబ్‌సైట్ మొదటి పేజీలో వాటినే ముందు పెట్టి, ఆవకాయను మూడు సీసాల కట్టలో మాత్రమే అమ్మండి. ఒక్కో సీసాగా అమ్మితే నిల్వా పోతుంది, పైన చెప్పినట్టు నష్టమూ వస్తుంది.

ప్రసారం రాత్రి ఆర్డర్లు గుట్టగా పడతాయి. నిల్వ ఎన్ని సీసాలుందో వెబ్‌సైట్‌లో సరిగ్గా నమోదు చేసి, అయిపోగానే అమ్మకం ఆగేలా పెట్టండి. క్యాష్ ఆన్ డెలివరీ ఆ వారం ఆపేయండి, లేదా 100 రూపాయలు ముందు కట్టించుకోండి. సరదాకు ఆర్డరు పెట్టి తీసుకోనివాళ్లు ఎక్కువ, వెనక్కొచ్చిన సీసాకు రెండు వైపులా కొరియర్ మీదే.

నూనె కారడం ఇంకో పెద్ద సమస్య. ఇండక్షన్ సీల్ (మూత కింద వేడితో అతికే రేకు పొర) పడకపోవడానికి ఎక్కువగా కారణం సీసా అంచు మీద నూనె. నింపాక అంచును పొడిగుడ్డతో తుడిచి, పైన ఒక సెంటీమీటరు ఖాళీ ఉంచి సీల్ వేయాలి. సీల్ పొర సీసా ప్లాస్టిక్‌కు సరిపోవాలి. పెట్ అనే ప్లాస్టిక్ సీసాకు పీపీ అనే వేరే ప్లాస్టిక్ పొర వేస్తే అతుక్కున్నట్టే ఉండి దారిలో ఊడుతుంది. ప్రతి బ్యాచ్‌లో పది సీసాలు 24 గంటలు తలకిందులుగా పెట్టి కింద కాగితం పరిచి చూడండి. ఒక్క మరక పడినా ఆ బ్యాచ్ మొత్తం మళ్లీ సీల్ చేయాలి. ఆ తర్వాత ఒక్కో సీసా జిప్‌లాక్ కవర్‌లో, రెండు చుట్ల బబుల్ ర్యాప్‌తో, ఐదు పొరల అట్టపెట్టెలో పెట్టి పంపండి.