విశ్వవిద్యాలయ ఎండోమెంట్‌లో పెట్టుబడుల అనుభవం తరువాత ఎటు వెళ్లవచ్చు?

ప్రశ్న – బోస్టన్ వాసి:
అమెరికాలో ఒక విశ్వవిద్యాలయపు ఎండోమెంట్ నిధిని (విరాళాలతో ఏర్పడి, పెట్టుబడులపై రాబడితో సంస్థకు తోడ్పడే శాశ్వత నిధి) చూసే కార్యాలయంలో కొన్నేళ్లుగా అనలిస్టుగా పనిచేస్తున్నాను. మేము షేర్లను నేరుగా కొనము. హెడ్జ్ ఫండ్ (సంపన్నులు, సంస్థల సొమ్మును షేర్లు వగైరాల్లో పెట్టే ప్రైవేటు నిధి), ప్రైవేట్ ఈక్విటీ (కంపెనీలను కొని నడిపించి అమ్మేవి), వెంచర్ క్యాపిటల్ (కొత్త కంపెనీల్లో పెట్టుబడి పెట్టేవి) సంస్థలను పరిశీలించి, ఏ మేనేజరుకు ఎంత సొమ్ము అప్పగించవచ్చో కమిటీకి నివేదిస్తాము. పని నాకు నచ్చింది, కానీ బృందం చిన్నది కనుక పై స్థానాలు ఖాళీ కావడం అరుదు. ఇక్కడినుంచి హెడ్జ్ ఫండ్‌కు మారడం సాధ్యమేనా? హెచ్1బీ ఉద్యోగ వీసాపై ఉన్నాను. తెలిసినవారు దయచేసి చెప్పండి.

జవాబు – పాత ఉద్యోగి:
మీరు నేర్చుకున్నది మేనేజర్లను ఎంచుకునే విద్య. దానికి గిరాకీ ఎక్కువగా ఉన్నది ఇతర నిధుల్లోనే. యేల్ నిధిని 1985 నుంచి 2021లో మరణించేవరకు నడిపిన డేవిడ్ స్వెన్సన్ వద్ద పనిచేసినవారే తరువాత ప్రిన్స్‌టన్, ఎంఐటీ, స్టాన్‌ఫర్డ్, పెన్సిల్వేనియా నిధులకు అధిపతులయ్యారు. పెద్ద నిధినుంచి చిన్న నిధికి పై హోదాలో వెళ్లడం ఈ రంగంలో మామూలే. ఫౌండేషన్లు, ఆసుపత్రుల నిధులు, సంపన్న కుటుంబాల ఆస్తులను చూసే ఫ్యామిలీ ఆఫీసులు కూడా ఇదే అనుభవాన్ని కోరుకుంటాయి. వర్జీనియా విశ్వవిద్యాలయ నిధిని చూసిన ఆలిస్ హ్యాండీ బయటికి వచ్చి, పలు సంస్థల నిధులను నిర్వహించే ఇన్వెస్ట్యూర్‌ను స్థాపించారు.

జవాబు – న్యూజెర్సీ తెలుగు:
పై మాటతో ఏకీభవిస్తాను. హెడ్జ్ ఫండ్ విషయంలో మాత్రం ఆశ తగ్గించుకోవడం మంచిది. హార్వర్డ్ నిధిని నడిపిన జాక్ మేయర్ 2005లో బయటికి వచ్చి సొంత సంస్థ పెట్టిన సంగతిని చాలామంది ఉదాహరణగా చెబుతారు. కానీ అప్పట్లో హార్వర్డ్‌లో పెట్టుబడులను నేరుగా కొని అమ్మే సొంత ట్రేడింగ్ బృందాలు ఉండేవి. 2016లో నార్వేకర్ ఆ నిధికి అధిపతిగా వచ్చాక ఆ పద్ధతినుంచి తప్పుకుని, సొమ్మును ఎక్కువగా బయటి మేనేజర్లకు అప్పగించారు. హెడ్జ్ ఫండ్ ఇంటర్వ్యూలో ఒక కంపెనీని స్వయంగా విశ్లేషించి చూపమంటారు; మేనేజర్లను విశ్లేషించిన అనుభవం అక్కడ కొంతవరకే పనికొస్తుంది. ఇన్వెస్టర్లతో వ్యవహరించే విభాగంలోకైతే మిమ్మల్ని సంతోషంగా తీసుకుంటారు. పెట్టుబడి వైపే కావాలంటే ఆలస్యం చేయకండి, ఏళ్లు గడిచేకొద్దీ ఆ దారి ఇరుకవుతుంది.

జవాబు – వీసా అనుభవం ఉన్నవాడిని:
బోస్టన్ వాసి గారూ, అన్నిటికంటే ముందు మీ హెచ్1బీ ఏ కోవలోదో చూసుకోండి. విశ్వవిద్యాలయాలకూ, వాటి అనుబంధ లాభాపేక్ష లేని సంస్థలకూ ఏటా 85,000 వీసాల పరిమితి వర్తించదు. మీరు ఆ మినహాయింపులో వచ్చి, ఇంతకుముందెన్నడూ పరిమితిలో లెక్కకు రాకపోయి ఉంటే, ప్రైవేటు సంస్థకు మారడానికి లాటరీలో ఎంపిక కావలసిందే. రిజిస్ట్రేషన్ మార్చిలో ఉంటుంది, ఎంపికైనా కొత్త ఉద్యోగం అక్టోబరులోనే మొదలవుతుంది. కనుక కొత్త సంస్థ అంతకాలం వేచి ఉంటుందో లేదో మొదటి సంభాషణల్లోనే అడిగి తెలుసుకోండి. అంతవరకు ఇప్పటి ఉద్యోగాన్ని వదలకండి.