ఇంజినీరింగ్ వద్దు, ఐఐటీ కావాలి: ఎం.ఈ.సి. విద్యార్థినికి దారి ఉందా?

ప్రశ్న (ఒక తండ్రి, గుంటూరు):
మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం ఎం.ఈ.సి. చదువుతోంది. ఇంజినీరింగ్‌పై ఆసక్తి లేదు గాని, ఐఐటీలో అర్థశాస్త్రం చదవాలని పట్టుదలగా ఉంది. ఈ గ్రూపుతో సీటు వస్తుందా, వచ్చినా ఇంజినీర్ల మధ్య ఆ చదువు సవ్యంగా సాగుతుందా అన్నవి నా సందేహాలు. తెలిసినవారు చెప్పగోరుతున్నాను.

సమాధానం 1:
అయ్యా, ముందు సీటు సంగతి చూద్దాం. కాన్పూర్, బొంబాయి, ఖరగ్‌పూర్ ఐఐటీలలో డిగ్రీ స్థాయిలోనే అర్థశాస్త్రం ఉంది. అయితే ఆ సీట్లు కూడా జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకుతోనే భర్తీ అవుతాయి, ఆ పరీక్ష భౌతిక, రసాయన, గణిత శాస్త్రాలలో ఉంటుంది గనుక, అర్థశాస్త్రం ఒక్క పాఠమైనా చదవని ఎం.పి.సి. విద్యార్థికి దొరికే అవకాశం, రెండేళ్లు అదే చదివిన మీ అమ్మాయికి దొరకదు. నా దృష్టిలో ఇది అన్యాయమే. మద్రాసు ఐఐటీ 2006 నుంచి ఇంటర్ ఏ గ్రూపువారినైనా ప్రత్యేక ప్రవేశ పరీక్ష ద్వారా అయిదేళ్ల ఎం.ఏ.లో చేర్చుకునేది, 2023 నుంచి దాన్ని ఆపి, డిగ్రీ పూర్తిచేసినవారికి రెండేళ్ల ఎం.ఏ. పెట్టింది. ఆ పాత పరీక్షకు శిక్షణ ఇస్తామని ఎవరైనా అంటే నమ్మకండి.

సమాధానం 2:
నేను ఒక ఐఐటీలో అర్థశాస్త్రమే చదివాను. మొదటి ఏడాది ఇంజినీరింగ్ విద్యార్థులతో కలిసి గణితం, భౌతికశాస్త్రం, ప్రోగ్రామింగ్ చదవవలసి వచ్చింది. ఆ గణితం తరువాత ఆర్థిక విషయాలను గణాంకాలతో పరీక్షించే ఎకనామెట్రిక్స్‌లో బాగా అక్కరకు వచ్చింది, కాని తోటివారిలో కొందరి మనసు చివరిదాకా ఇంజినీరింగ్ బ్రాంచికి మారడం మీదే ఉండడం వల్ల, అర్థశాస్త్రం గురించి తీరిగ్గా మాట్లాడుకునే స్నేహితులు తక్కువగానే దొరికారు. ఇష్టపడి వచ్చేవారికి ఈ వెలితి కొంత బాధ కలిగిస్తుంది.

సమాధానం 3:
గ్రూపు మార్చి భౌతిక, రసాయన శాస్త్రాలు మొదలుపెట్టించడం కంటే, డిగ్రీ మరోచోట చేయించి పీజీకి ఐఐటీకి పంపడం మేలని నా అభిప్రాయం. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సీయూఈటీ (కేంద్రీయ విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్ష) ద్వారా అర్థశాస్త్రంలో అయిదేళ్ల సమీకృత ఎం.ఏ. ఉంది. లేదా గణితం ఉన్న బి.ఏ. చదివి, ఐఐటీల ఎం.ఎస్సీ. ప్రవేశ పరీక్ష అయిన జామ్‌లోని అర్థశాస్త్రం పేపరు రాస్తే, ఢిల్లీ ఐఐటీలో ఎం.ఎస్సీ. ఎకనామిక్స్‌కు పోటీపడవచ్చు. ఆమెకు బొమ్మలు గీయడం, వస్తువుల రూపకల్పన ఇష్టమైతే మాత్రం, డిజైన్ డిగ్రీ ప్రవేశ పరీక్ష అయిన యూసీడ్‌ను ఏ గ్రూపువారైనా రాయవచ్చు. మన హైదరాబాద్ ఐఐటీలో కూడా దాని ద్వారా బి.డిజైన్ సీట్లు ఉన్నాయి. ఏ దారి పట్టినా, ఇంటర్‌లో గణితాన్ని మాత్రం అశ్రద్ధ చేయనివ్వకండి.