పాఠశాల ప్రణాళిక ఎవరి కోసం: తనిఖీ ఫైలు కోసమా, తరగతి గది కోసమా?

ప్రశ్న: కొత్త ప్రధానోపాధ్యాయురాలు

రెండు నెలల క్రితం ఒక ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయురాలిగా వచ్చాను. అంతకు ముందు పదిహేడేళ్లూ భాషా బోధనలోనే గడిచాయి కాబట్టి, పాఠశాల మొత్తానికి ప్రణాళిక వేయవలసిన అవసరం నాకెప్పుడూ కలగలేదు. ఇక్కడి బీరువాలో గత ఐదేళ్ల వార్షిక ప్రణాళికలు వరుసగా ఉన్నాయి. వాటిని పక్కపక్కన పెట్టి చదివితే విద్యా సంవత్సరం అంకె తప్ప మరేమీ మారలేదని తెలిసింది. మూడేళ్ల క్రితమే పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుని పేరు ఇప్పటికీ విజ్ఞాన ప్రదర్శన బాధ్యుల జాబితాలో ఉంది. దీని గురించి అడిగితే, ‘‘అది తనిఖీకి వచ్చేవారి కోసమండీ, మనకు పాఠ్యపుస్తకమే ప్రణాళిక’’ అని ఒక సీనియర్ ఉపాధ్యాయుడు మొహమాటం లేకుండా చెప్పారు. ఆయన తరగతిలో పిల్లలు నిజంగానే నేర్చుకుంటున్నారు కాబట్టి ఆ మాటను తేలికగా తోసిపుచ్చలేకపోతున్నాను.

ప్రణాళిక లేకుండానే మంచి బోధన జరుగుతున్నప్పుడు దాని అసలు ప్రయోజనం ఏమిటి? దానిని ప్రధానోపాధ్యాయులు ఒక్కరే రాయాలా, అందరూ కలిసి రాయాలా? ఏడాది మధ్యలో పరిస్థితి మారిపోతే, రాసుకున్నదానిని ఏం చేయాలి? ఆచరణలో ఈ పని చేసినవారు వివరంగా చెబితే ఎంతో ఉపకారం చేసినవారవుతారు.

సమాధానం 1: విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు

అమ్మా, ఆ సీనియర్ ఉపాధ్యాయుడి మాటలో సగం నిజం ఉంది. ఏం బోధించాలో పాఠ్యపుస్తకం చెబుతుంది. కానీ మీ ముందున్న ఈ పిల్లలకు, మీ చేతిలో ఉన్న ఇన్ని రోజుల్లో, దేనికి ఎక్కువ సమయమిచ్చి దేనిని క్లుప్తంగా ముగించాలో అది చెప్పదు. చెప్పలేదు కూడా, ఎందుకంటే దానిని రాసినవారు మీ పిల్లలను చూడలేదు. కావలసినంత సమయం, కావలసినంతమంది ఉపాధ్యాయులు ఉన్నచోట ప్రణాళిక అక్కర్లేదు. ఏ బడిలోనూ అలా ఉండదు కాబట్టే, ఉన్నదానిని ఎలా పంచాలో ముందుగా కూర్చొని తేల్చుకోవలసి వస్తుంది.

నేను ప్రతి ఏడాదీ మొదట చేసిన పని పీరియడ్లు లెక్కపెట్టడం. ఎనిమిదో తరగతి గణితాన్నే ఉదాహరణగా తీసుకోండి. వారానికి 6 పీరియడ్లు, 36 వారాలు అనుకుంటే టైమ్ టేబుల్ ప్రకారం 216 పీరియడ్లు వస్తాయి. అందులో పరీక్షలకు 18, బడి తెరిచిన తొలి వారం సర్దుబాట్లకు 6, ఆటల పోటీలు, సభలు, వేడుకలకు 20, ఉపాధ్యాయుని సెలవులకు, శిక్షణ తరగతులకు 12 పోతాయనుకుంటే, మిగిలేవి 160. ఈ అంకెలు మీ బడిలో వేరుగా ఉంటాయి. అయితే పాత హాజరు పట్టికలు, పాత సెలవు పత్రాలు చూసి లెక్కకడితే నిజానికి దగ్గరగానే వస్తాయి. ఆ 160లో వెనుకబడిన అంశాలను మళ్లీ బోధించడానికి 20, పునశ్చరణకు 20 పక్కన పెడితే కొత్త పాఠాలకు దక్కేది 120 మాత్రమే. పుస్తకంలో 14 అధ్యాయాలుంటే ఒక్కోదానికి ఎనిమిదిన్నర పీరియడ్లు. బీజగణితంలాంటి బరువైన అధ్యాయాలు నాలుగింటికి 14 చొప్పున ఇస్తే, మిగతా పదింటికి ఒక్కోదానికి ఆరు పీరియడ్లకు కాస్త పైన మిగులుతాయి. ఈ లెక్కను మొదటిసారి ఉపాధ్యాయుల సమావేశంలో బల్ల మీద పెట్టినప్పుడు, ఏడాది చివర్లో ప్రతిసారీ రెండు అధ్యాయాలు పరుగుపరుగున ఎందుకు ముగుస్తున్నాయో ఎవరూ ఎవరికీ చెప్పవలసిన అవసరం రాలేదు.

రెండో పని, పిల్లలు ఇప్పుడు ఎక్కడున్నారో చూడటం. బడి తెరిచిన రెండో వారంలో కింది తరగతి అంశాలపై చిన్న పరీక్ష పెట్టండి. మార్కులు ప్రకటించకండి, తల్లిదండ్రులకు పంపకండి. ఎవరు ఏ చోట ఆగిపోతున్నారో మాత్రమే చూడండి. ‘పఠనాసక్తిని పెంపొందించుట’ అనే వాక్యం మీ పాత ఫైళ్లలో తప్పక ఉండే ఉంటుంది. అది ఏ బడికైనా, ఏ ఏడాదికైనా సరిపోతుంది కాబట్టి ఏ బడికీ పనికిరాదు. దాని బదులు, ‘ఆరో తరగతిలో ఒక పేజీ కథను చదివి సొంత మాటల్లో చెప్పలేనివారు 22 మంది ఉన్నారు, అర్ధ సంవత్సర పరీక్షల నాటికి ఆ సంఖ్య 8కి తగ్గాలి, అందుకోసం రోజూ ఉదయం 25 నిమిషాలు ఫలానా ఇద్దరు ఉపాధ్యాయులు చదివిస్తారు’ అని రాస్తే, అది జరిగిందో లేదో చెప్పడానికి తనిఖీ అధికారి రానక్కర్లేదు.

ఇలాంటి లక్ష్యాలు ఏడాదికి మూడు మించనివ్వకండి. నా తొలి ఏడాది నేను పదిహేను పెట్టాను. వాటిలో ఎన్ని నెరవేరాయో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

సమాధానం 2: భౌతికశాస్త్ర ఉపాధ్యాయిని

పై సమాధానంలోని లెక్కతో నాకు పేచీ లేదు. కానీ ప్రణాళిక అనగానే ఉపాధ్యాయులు ఎందుకు ముఖం తిప్పుకుంటారో కూడా ఇక్కడ చెప్పుకోవాలి. నేను పనిచేసిన ఒక పాఠశాలలో ప్రతి పీరియడుకూ రెండు పేజీల పాఠ్య ప్రణాళిక రాసి ముందురోజే సంతకం చేయించుకోవాలనే నియమం ఉండేది. రోజుకు ఐదు పీరియడ్లంటే పది పేజీలు. రాత్రి ఆ పేజీలు నింపడంలో గడిచిన గంటన్నరలో మరుసటి రోజు ప్రయోగానికి కావలసిన సామగ్రి సరిచూసుకోవచ్చు, పిల్లల నోటు పుస్తకాలు దిద్దవచ్చు. చివరికి అందరం పాత పేజీలనే తిరగరాశాం. సంతకం పెట్టేవారికీ ఆ సంగతి తెలుసు.

అందుకని మేడమ్, మీరు వార్షిక ప్రణాళికకు, యూనిట్ ప్రణాళికకు, రోజువారీ పాఠ్య ప్రణాళికకు ఒకే కొలబద్ద వాడకండి. కొత్తగా చేరిన ఉపాధ్యాయునికి వివరమైన పాఠ్య ప్రణాళిక నిజంగా ఆసరా అవుతుంది. ఏ ప్రశ్నతో మొదలుపెట్టాలి, పిల్లలు ఎక్కడ పొరబడతారు, పీరియడు ముగిసేలోపు వారికి అర్థమైందని ఎలా తెలుసుకోవాలి అన్నవి కాగితం మీద పెట్టుకోకపోతే తరగతిలో తడబడతారు. ఇరవై ఏళ్లు బోధించినవారికి ఐదు వాక్యాలు చాలు. ఆ ఐదింటిలో ఒకటి మాత్రం తప్పనిసరిగా పిల్లలు చేసే పొరపాటు గురించి ఉండాలి. నా విషయంలో చెప్పాలంటే, వస్తువు వేగం సున్నా అయిన క్షణంలో త్వరణం కూడా సున్నా అవుతుందని పిల్లలు ఏటా నమ్ముతారు. పైకి విసిరిన బంతి శిఖరాన ఉన్నప్పుడు దాని మీద ఏ బలం పనిచేస్తోందో అడగాలని ముందే రాసుకోని ఏడాది, ఆ ప్రశ్న అడగడం మరిచిపోయి పరీక్ష పత్రాలు దిద్దేటప్పుడు నాలుక కరుచుకున్నాను.

సమాధానం 3: ఉపాధ్యాయ శిక్షణలో పనిచేస్తున్న వ్యక్తి

ప్రయోజనం ఏమిటన్న మొదటి ప్రశ్నకు కొంచెం వెనక్కి వెళ్లి సమాధానం చెప్పుకోవాలి. విద్యా ప్రణాళిక అనే మాట కింద రెండు వేర్వేరు పనులు కలిసిపోయాయి. ఒకటి ప్రభుత్వాల స్థాయిది: ఎన్ని బడులు కట్టాలి, ఎంతమంది ఉపాధ్యాయులను నియమించాలి, ఎంత ఖర్చవుతుంది అన్న లెక్కలు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పలు దేశాలలో బడిలో చేరే పిల్లల సంఖ్య వేగంగా పెరగడంతో ఈ పనికి ప్రత్యేక నైపుణ్యం అవసరమైంది. యునెస్కో 1963లో పారిస్‌లో అంతర్జాతీయ విద్యా ప్రణాళికా సంస్థను నెలకొల్పినది ఆ అవసరం కోసమే. రెండోది తరగతి గది స్థాయిది. అమెరికా విద్యావేత్త రాల్ఫ్ టైలర్ 1949లో దానిని నాలుగు ప్రశ్నలుగా కుదించారు: బడి సాధించదలచిన ప్రయోజనాలు ఏమిటి, వాటిని సాధించడానికి ఏ అనుభవాలు కల్పించాలి, ఆ అనుభవాలను ఏ క్రమంలో అమర్చాలి, అవి నెరవేరాయో లేదో ఎలా తేల్చాలి.

పాఠశాల ప్రణాళిక ఈ రెండింటి మధ్య నలుగుతుంది. పైనుంచి వచ్చే నమూనా పత్రాలు గదులు, బల్లలు, నిధులు, హాజరు శాతాలు అడుగుతాయి. టైలర్ నాలుగో ప్రశ్నను దాదాపు ఎవరూ అడగరు. మీ బీరువాలోని ఫైళ్లు ఏటా ఒకేలా ఉండటానికి ఉపాధ్యాయుల బద్ధకం కన్నా ఇదే పెద్ద కారణమని నా అభిప్రాయం. నిరుటి ప్రణాళికలో అనుకున్నది నెరవేరిందా అన్న ప్రశ్న లేనప్పుడు, ఈ ఏడాది వేరుగా రాయడానికి కారణమే కనిపించదు. అందుచేత కొత్త ప్రణాళిక మొదటి పేజీని నిరుటి ఫలితాలకు కేటాయించండి: ఏది అనుకున్నాం, ఏది జరిగింది, ఎందుకు తేడా వచ్చింది.

సమయం గురించి పై మిత్రుడు చెప్పినదానికి ఒక చేర్పు. జాన్ కారల్ అనే మనోవిజ్ఞాన శాస్త్రవేత్త 1963లో ప్రతిపాదించిన నమూనా ప్రకారం, ఒక విద్యార్థి ఎంత నేర్చుకుంటాడన్నది అతనికి కావలసిన సమయానికీ, అతను నిజంగా ఆ అంశంపై వెచ్చించిన సమయానికీ ఉన్న నిష్పత్తి మీద ఆధారపడుతుంది. కావలసిన సమయం పిల్లవాడిని బట్టి మారుతుంది. టైమ్ టేబుల్ మాత్రం అందరికీ ఒకటే పీరియడు ఇస్తుంది. ఈ పొంతన లేమిని సర్దడమే బడి స్థాయిలో ప్రణాళికకు ఉన్న అతి ముఖ్యమైన పని. పునర్బోధన పీరియడ్లను ‘వీలైతే చూద్దాం’ అని వదిలేస్తే ఏటా మొదట ఎగిరిపోయేవి అవే కాబట్టి, వాటిని టైమ్ టేబుల్‌లోనే అచ్చువేయించండి.

ఇక ఎవరు రాయాలన్న ప్రశ్న. తరగతికి వెళ్లేవారు రాయని ప్రణాళికను తరగతిలో ఎవరూ పాటించరు. అలాగని ముప్పై మంది ఒకే గదిలో కూర్చొని వాక్యాలు రాయలేరు. ఒక్కో సబ్జెక్టు బృందం తన భాగాన్ని రాసి తెస్తే, మీరు చేయవలసింది వాటిని ఢీకొట్టించి చూడటం: సైన్సు ఉపాధ్యాయులు గ్రాఫులు వాడే నెలకు గణితంలో గ్రాఫులు వచ్చాయా, నాలుగు సబ్జెక్టుల ప్రాజెక్టులు ఒకే వారంలో పిల్లల మీద పడుతున్నాయా అన్నవి ఏ ఒక్క ఉపాధ్యాయునికీ విడిగా కనిపించవు.

మళ్లీ ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న పీరియడ్ల లెక్కను మా తొమ్మిదో తరగతికి వేసి చూశాం. ప్రాజెక్టుల గడువులు పక్కపక్కన రాస్తే, ఒకే వారంలో మూడు ఉన్నాయి. ‘పాఠ్యపుస్తకమే ప్రణాళిక’ అన్న ఉపాధ్యాయుడే ఆ పట్టికను తీసుకొని, తన సబ్జెక్టు గడువును రెండు వారాలు వెనక్కి జరిపారు. ఇంకా ఒక్క సందేహం మిగిలింది: ఏడాది మధ్యలో ఒక ఉపాధ్యాయుడు బదిలీ అయి రెండు నెలలు ఖాళీ ఏర్పడితే ప్రణాళికను ఎలా సవరించాలి? కొట్టివేసి కొత్తది రాయాలా?

సమాధానం 4: విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు

కొత్తది రాయకండి. పాతదాని మీదే ఎర్ర సిరాతో దిద్దండి, తేదీ వేసి కారణం ఒక్క వాక్యంలో రాయండి. ఖాళీ వచ్చిన సబ్జెక్టులో పై తరగతికి పునాదిగా పనికివచ్చే అధ్యాయాలు ఏవో ఆ సబ్జెక్టు తెలిసిన వారెవరినైనా కూర్చోబెట్టి గుర్తించి, దొరికిన సర్దుబాటు పీరియడ్లన్నింటినీ వాటికే ఇవ్వండి. మిగతావి వదిలేశామని వచ్చే ఏడాది ఆ పిల్లలకు బోధించబోయే ఉపాధ్యాయునికి రాతపూర్వకంగా తెలియజేయండి. మా బడిలో ఒకసారి ఆ చివరి పని మరిచిపోయాం. తొమ్మిదో తరగతి ఉపాధ్యాయుడు, పిల్లలు ఎన్నడూ వినని పాఠం మీద నెల రోజులు కొనసాగింపు పాఠాలు చెప్పి, యూనిట్ పరీక్ష పెట్టిన తర్వాతే సంగతి తెలుసుకున్నాడు.