అప్‌డేట్: అంపైర్ యుద్ధక్రీడలో ఆర్డర్ల ఆలస్యం కుదిరింది

జట్లు చీటీల మీద ఆర్డర్లు రాసిస్తే అంపైర్ బొమ్మ సైన్యాలను నడిపే బల్ల ఆట మాది. రెండు జట్లూ ఒకే బల్ల చూస్తే శత్రువు ఎత్తుగడ ముందే తెలిసిపోతోంది, ఏం చేయాలని ఇదివరకు ఇక్కడ అడిగాను కదా. మీరు చెప్పినట్టే సైన్యం బొమ్మలన్నీ అంపైర్ గదిలోనే పెట్టాం. జట్లకు మ్యాపు, పెన్సిలు మాత్రమే. లెక్కలు ప్రష్యా సైనికాధికారి రైస్విట్జ్ 1824 నాటి యుద్ధక్రీడ నియమాల్లోవే: మ్యాపు స్కేలు 1:8000, ఆటలో ఒక్కో వంతు అంటే యుద్ధంలో 2 నిమిషాలు. ఆర్డరు తెచ్చే రౌతుకు మోస్తరు దౌడులో వంతుకు 400 మీటర్లు పెట్టుకున్నాం, అంటే మ్యాపు మీద 5 సెంటీమీటర్లు. 20 సెంటీమీటర్ల అవతలి దళానికి కబురు 4 వంతులకు గానీ చేరదు. చీటీ మీద పంపిన వంతు, చేరాల్సిన వంతు రెండూ అంపైరే వేయాలి. లేదంటే చీటీలు కలిసిపోయి పాత ఆర్డరే అమలైపోతుంది. జట్టుకు చెప్పేటప్పుడు కూడా ‘మూడు బెటాలియన్లు’ అనకూడదు, ‘అడవి అంచున దుమ్ము లేస్తోంది’ అనాలి. ఆట రుచంతా అక్కడే ఉంది!