దూలం, నలుసు: మత్తయి 7:3లో ‘ఎంచక’ అన్న మాట

నిన్న గ్రూపులో ఒక సోదరి అడిగారు. “‘నీ కంటిలోనున్న దూలము నెంచక నీ సహోదరుని కంటిలోనున్న నలుసును చూచుట యేల?’ అంటుంది కదా వాక్యం. ఈ దూలం, నలుసు మన అనువాదకులు పెట్టినవా, మూలంలోనే ఉన్నాయా?” కామెంటులో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదని విడిగా రాస్తున్నాను.

మూలంలోనే ఉన్నాయండి. గ్రీకులో దూలానికి ‘డోకోస్’, నలుసుకి ‘కార్ఫోస్’ అని ఉంది. డోకోస్ అంటే ఇంటికప్పు మోసే దూలమే. పెంకుటింట్లో పెరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు, వాసాల బరువంతా మోసే మొద్దు అది. కార్ఫోస్ మాత్రం ఒట్టి నలుసు కాదు. ఎండిన గడ్డిపరక, పుల్లముక్క, పొట్టు లాంటిది. మన నలుసు దుమ్ము కావచ్చు, ఇసుక కావచ్చు, పురుగు రెక్క కావచ్చు. గ్రీకులో అయితే అవతలివాడి కంట్లో ఉన్నది ఎండుపుల్ల, నా కంట్లో ఉన్నది ఎండిన మాను. రెండూ ఒకే జాతివి. ఈ మాట చెప్పిన యేసును మార్కు 6:3లో వడ్లవాడనే, అంటే వడ్రంగి అనే పిలిచారు. దూలం ఎంతుంటుందో, చెక్కేటప్పుడు పొట్టు ఎలా ఎగిరి కంట్లో పడుతుందో ఆయనకి తెలియనిది కాదు.

ఆ ‘ఒకే జాతి’ అన్న సంగతి తెలుగులో జారిపోయింది. కానీ మనకి దక్కింది కూడా తక్కువేం కాదు. నలుసు అనగానే మనకి కన్నే గుర్తొస్తుంది. ‘చెవిలోని జోరీగ, కంటిలోని నలుసు’ అన్నాడు వేమన. కడుపులో పడ్డ బిడ్డని కూడా నలుసనే అంటాం, అంత చిన్నది.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన మాట ‘ఎంచక’. ఎంచడం అంటే లెక్కపెట్టడం. ఎన్నడం, ఎన్నిక, అన్నీ ఆ కుటుంబమే. వాడుకలో దీన్ని మనం దేనికి వాడతాం? తప్పులెంచడానికి. వేమన ‘తప్పులెన్నువారు తమ తప్పులెరుగరు’ అన్నదీ ఈ మాటతోనే. గ్రీకులో ఇక్కడ రెండు క్రియలున్నాయి. నలుసు విషయంలో మామూలుగా చూడటం, దూలం విషయంలో మనసు పెట్టి గమనించడం. మన అనువాదం ఆ తేడాని నిలబెట్టింది: నలుసుకి ‘చూచుట’, దూలానికి ‘ఎంచక’. ఎప్పుడూ ఎదుటివాడి మీదికి వెళ్ళే మాటని పట్టుకుని మన కంటి వైపు తిప్పింది. ఇది చేసినవాళ్ళకి దండం పెట్టాలనిపిస్తుంది.

ఇంకో చిన్న సంగతి. మొదటి రెండు వచనాల్లో ‘మీరు’. మూడో వచనానికి వచ్చేసరికి ‘నీ కంటిలో’. గ్రీకులోనూ ఇంతే. ఇంగ్లీషులో ఇప్పుడు రెంటికీ ఒకటే మాట కాబట్టి ఆ మలుపు తెలియదు. గుంపుకి చెబుతూ చెబుతూ ఒక మనిషి వైపు తిరిగినట్టు ఉంటుంది తెలుగులో.

ఆ మనిషి నేనే అనిపించిన రోజు ఒకటుంది. మా తమ్ముడికి ఫోన్ చేసి, అమ్మతో మాట్లాడి ఎన్నాళ్ళయిందిరా అని గట్టిగా కేకలేశాను. వాడు ఏమీ అనలేదు. తర్వాత అదే ఊపులో అమ్మకి చేస్తే, “నువ్వు చేసి కూడా పదకొండు రోజులైంది నాన్నా” అంది. కోపంగా అనలేదు, లెక్క చెప్పింది అంతే. రోమా 2:1 అప్పటిదాకా చాలాసార్లు చదివాను. ‘తీర్పు తీర్చు నీవును అట్టి కార్యములనే చేయుచున్నావు’ అన్న ముక్కలో ‘అట్టి’ ఆ రోజే వినిపించింది. పుల్లా, దూలం ఒకే మానువి.

గ్రూపులో ఆ సోదరి ప్రశ్న కింద ఒక తమ్ముడు రాశారు, “అయితే ఎవరినీ ఏమీ అనకూడదనేగా?” అని. కాదు తమ్ముడూ. చాలామంది ‘తీర్పు తీర్చకుడి’ అన్న మొదటి వచనం దగ్గరే ఆగిపోతారు, అడిగినవాడి నోరు మూయించడానికి దాన్ని వాడతారు. అది నాకు బాధగా ఉంటుంది. ఐదో వచనం చూడండి: ‘మొదట’ దూలం తీసుకో, ‘అప్పుడు’ నలుసు తీయడానికి తేటగా కనబడుతుంది. నలుసు ఉండనివ్వమని ఎక్కడా లేదు. అది గుచ్చుకుంటూనే ఉంటుంది, ఎవరో ఒకరు తీయాలి. యోహాను 7:24లో ‘న్యాయమైన తీర్పు తీర్చుడి’ అన్నదీ యేసే.

చిన్నప్పుడు నా కంట్లో ఏదైనా పడితే అమ్మ వాకిట్లో వెలుగులోకి తీసుకెళ్ళేది. ముందు తన కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకునేది. నేను ఏడుస్తున్నా ఆగేది కాదు. తర్వాత రెప్ప పైకెత్తి, ఊపిరి నా మొహానికి తగిలేంత దగ్గరికొచ్చి, తడిపిన కొంగుకొసతో మెల్లిగా అద్దేది.

మా ఇంట్లో దాన్ని ‘నలక’ అనేవాళ్ళు. మీ వైపు ఏమంటారో చెప్పండి.